కరగి మరల పనికివచ్చే అచ్చు

బొటనవేలంత బొమ్మలను కూర్చి, రంగులు పూసి, బల్లమీద బారులు తీర్చడం ఐరోపాలోను, అమెరికాలోను, జపానులోను అనేకమందికి ప్రియమైన వ్యాసంగము. ఈ బొమ్మలలో నిలువెత్తు మనిషి 28 మిల్లీమీటర్లకు మించడు. అంతకంటె పెద్దవారైన 54 మిల్లీమీటర్ల సైనికులు కూడా కలరు. 28 మిల్లీమీటర్ల యోధుని చేతిలోని డాలు వేలిగోరంత ఉంటుంది. పెట్టె విప్పి చూడగా పన్నెండు డాళ్ళకు పదకొండే ఉన్నవనుకొందాము. లేదా పన్నెండవది చేతిలోనుంచి జారి ఏ నాపరాతి సందులోనో పడిపోయినదనుకొందాము. దానిని మాత్రమే విడిగా అమ్మే దుకాణము దొరకకపోవచ్చును. ఒక్క డాలు కోసం పెట్టె మొత్తం మరల కొనవలసి రావచ్చును.

ఇట్టి సందర్భంలో ఆ వ్యాసంగము గలవారు మొదట వేడినీళ్ళు కాచుకొంటారు. ఆ నీళ్ళలో అరచేతిలో ఇమిడే ఒక పారదర్శకమైన పట్టీని వేస్తారు. రెండు మూడు నిమిషాలకు అది చపాతీపిండి వలె మెత్తబడుతుంది. దానిని తీసి, తడి తుడిచి, ఉన్న డాళ్ళలో ఒకదానిపై గట్టిగా అదుముతారు. చల్లారిన తరువాత అది రబ్బరు వలె సాగుతూ, డాలును వదలి ఊడివస్తుంది. డాలుమీది మేకులు, గీతలు, అంచున ఉన్న నొక్కు సహితం ఆ పట్టీలో తలక్రిందులుగా దిగి ఉంటవి. ఆ గుంటలో రెండు పాళ్ళు కలిపి పిసికిన ఎపాక్సీ ముద్దను కూరి, కొన్ని గంటలు గట్టిపడనిస్తే పన్నెండవ డాలు సిద్ధమగును. పని తీరిన పట్టీని మరల వేడినీళ్ళలో వేస్తే డాలు గుర్తు మాసిపోతుంది. రేపు దానితోనే చెయ్యి, ఎల్లుండి గుర్రపు తోక అచ్చు తీయవచ్చును.

చూడడానికి ఇది పిల్లల ఆట వలె ఉన్నది. జపానులో ఈ పట్టీని నిజముగానే పిల్లల ఆటవస్తువుగా అమ్ముతారు. కాని ఇంత సులువైన పదార్థము లభించడానికి మానవుడు చాలాకాలము వెదకవలసి వచ్చినది. ఆ వెదకులాటలో ఒక అడవి నరికివేతకు గురి అయినది. ఒక యుద్ధము దంతవైద్యులను చిక్కుల్లో పెట్టినది.

ఇంతకూ అచ్చుపదార్థమును మనము కోరేదేమిటి? వేడిగా ఉన్నప్పుడు అది పాత రూపమును పూర్తిగా మరచిపోవలె. చల్లారిన పిమ్మట కొత్త రూపమును వెంట్రుకవాసి తేడా లేకుండా జ్ఞాపకముంచుకోవలె. ఈ రెండూ గల పదార్థములు ప్రాచీనులకు కూడా తెలియును. అసలు చిక్కు మూడవ కోరికతో వచ్చినది. బొమ్మ చంకక్రింద, గడ్డము క్రింద, వంచిన మోచేతి లోపల కొన్ని వంపులు లోనికి తిరిగి ఉంటవి. గట్టి అచ్చు ఆ వంపులలో గొళ్ళెము పడినట్లు పట్టుకొంటుంది. లాగితే అచ్చయినా విరగవలె, బొమ్మయినా విరగవలె. కాబట్టి అచ్చు సాగి, బొమ్మను వదలి, వెంటనే తన ఆకారమునకు తిరిగి రావలె. మరపు, జ్ఞాపకము, సాగుడు అనే ఈ మూడింటినీ ఒకే ముద్దలో చేర్చిన కథయే ఇక్కడ చెప్పదలచినది.

మొదటి రెండు గుణములకు మన కంసాలి కుంపటి దగ్గరి లక్క మంచి ఉదాహరణము. పలుచని బంగారు రేకుమీద పని చేసేటప్పుడు క్రింద లక్క పరుస్తారు. వేడిచేస్తే కరుగును, చల్లారితే బిగుసుకొనును, పని కాగానే మరల కరగించి తీయవచ్చును. తపాలా మూటలమీద లక్క కరగించి ఇత్తడి ముద్ర అదిమితే ముద్రలోని అక్షరాలు చక్కగా పడేవి. ఆ ముద్ర కూడా ఒక విధమైన అచ్చే. అయితే లక్క పెళుసు, సాగడము ఎరుగదు. పైగా దానిని పదే పదే ఎక్కువగా కాచితే కొంతకాలానికి కరగడము మానివేస్తుంది.

పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపా శిల్పశాలలలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ప్రసిద్ధ విగ్రహములకు నకళ్ళు తీసేవారు. వారికి సాగే అచ్చును ఇచ్చినది జెలటిన్. ఇది వడ్రంగులు వాడే సరేసుకు శుద్ధమైన తోబుట్టువు. దానిని చన్నీళ్ళలో నానబెట్టి, వేడినీళ్ళ గిన్నెలో ఉంచి కరగించి, విగ్రహము చుట్టూ పోసేవారు. గడ్డకట్టిన తరువాత కత్తితో ఒక గాటు పెట్టి తొడుగు వలె ఒలిచేవారు. పాతబడిన అచ్చును ముక్కలు చేసి కరగిస్తే మరొక అచ్చు తయారు. మూడు కోరికలూ తీరినట్లే కనబడును. కాని ప్లాస్టరు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుట్టును. ఆ వేడికి, ఆ తడికి జెలటిన్ ముఖము కరగిపోతుంది. పటిక నీటితో అచ్చు లోపలిభాగమును గట్టిపరచినా కొద్ది పోతలకే ముక్కుమొనలు మొద్దుబారేవి.

ఇంతలో తూర్పుదిక్కునుంచి మరొక పదార్థము వచ్చినది. మలయా అడవులలోని ఒక చెట్టు పాలనుంచి వచ్చే గట్టాపెర్చా అనే ముద్దను అక్కడి ప్రజలు వేడినీళ్ళలో మెత్తబరచి కత్తి పిడులుగా మలచుకొనేవారు. సింగపూరులో శస్త్రవైద్యుడుగా ఉన్న విలియం మాంట్‌గోమరీ దీనిని గమనించి 1843లో నమూనాలను లండనుకు పంపినాడు. రసాయన దృష్టితో చూస్తే గట్టాపెర్చా రబ్బరుకు సవతి సోదరి. రెండింటిలోను అణుమాలలకు మూలము ఐసోప్రీన్ అనే ఒకే పదార్థము. మాలలోని మెలిక దిశ మాత్రమే వేరు. ఆ చిన్న తేడా వలన గట్టాపెర్చా అణుమాలలు ఒత్తుగా పేర్చుకొని స్ఫటికములై గదిలో గట్టిగా ఉంటవి. సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఆ పేర్పు విడిపోయి ముద్ద మెత్తబడుతుంది. నీటిని అది లక్ష్యపెట్టదు.

అచ్చు పనికి ఇంతకంటె మేలైనది అప్పటికి లేదు. మోరిట్జ్ యాకోబి అనే శాస్త్రజ్ఞుడు 1838లో విద్యుత్తుతో రాగిపూతను గట్టి రేకుగా పెంచి వస్తువులకు నకళ్ళు తీసే పద్ధతిని ప్రకటించి ఉన్నాడు. చెక్కిన పలకలమీద మెత్తని గట్టాపెర్చాను అదిమి, ఆ అచ్చులో గ్రాఫైటు పొడి పూసి, తుత్తపు ద్రావణములో వ్రేలాడదీస్తే అచ్చులోని ప్రతి గీతా రాగిలోకి ఎక్కేది. పిమ్మట అచ్చును వేడినీటిలో వేసి మరొక పలకకు వాడుకొనేవారు.

కాని గట్టాపెర్చాను మ్రింగివేసినవి అచ్చులు కావు, సముద్రములు. అది విద్యుత్తును పోనీయదు గనుక సముద్రగర్భపు తంతితీగలకు తొడుగుగా పనికివచ్చినది. 1851లో డోవరు, కలే నగరముల మధ్య వేసిన తీగ మొదలుకొని మహాసముద్రములన్నీ ఈ తొడుగునే కోరినవి. రబ్బరు చెట్టుకు గాటు పెట్టి పాలు పిండినట్లు ఈ చెట్టునుంచి పిండడము సాధ్యము కాదు. గాటులోనే పాలు గడ్డకట్టుకొనును. అందుచేత చెట్టును నరికి, పడిన మానుమీద వలయములుగా కోసి, చెట్టుకు కొద్దిపాటి ముద్ద తీసేవారు. పెద్ద చెట్లు ముందు సింగపూరు పరిసరాలలోను, తరువాత మలయా, సుమత్రా, బోర్నియో అడవులలోను పలుచబడినవి. ఎన్నిసార్లైనా తిరిగి వాడుకోదగిన పదార్థమును నీటి అడుగున శాశ్వతముగా పాతిపెట్టినారు. ఇది ఆ శతాబ్దపు వివేకమునకు మెచ్చుకోదగిన సాక్ష్యము కాదు.

గట్టాపెర్చా చరిత్రలో దంతవైద్యులకు ఒక విశేష స్థానము కలదు. కట్టుడుపళ్ళు చేయవలెనంటే చిగుళ్ళ అచ్చు కావలె. గట్టాపెర్చా చల్లారేటప్పుడు కుంచించుకొని వంకరపోయేది. లండనులోని చార్లెస్ స్టెంట్ అనే దంతవైద్యుడు 1856లో దానికి కొవ్వునుంచి తీసిన స్టియరిన్‌ను, బలపపురాతి పొడిని, ఎర్రరంగును చేర్చినాడు. ఆ ఎర్ర బిళ్ళ వేడినీటిలో మెత్తబడి, నోటిలో గట్టిపడేది. మొదటి ప్రపంచయుద్ధములో యోహానెస్ ఎసర్ అనే డచ్చి శస్త్రవైద్యుడు ముఖములు ఛిద్రమైన సైనికులకు చర్మము అతికేటప్పుడు, ఆ చర్మమును పుండుమీద కదలకుండా నిలపడానికి స్టెంటు ముద్దనే అచ్చుగా వాడినాడు. కణజాలమును నిలిపి ఉంచే సాధనమునకు స్టెంటు అనే పేరు అట్లు స్థిరపడినది. 1986లో గుండె రక్తనాళములో మొదటిసారిగా అమర్చిన లోహపు జల్లెడ గొట్టమునకు కూడా ఆ పేరే వచ్చినది. నేడు ఆసుపత్రిలో స్టెంటు వేసినారని చెప్పుకొనే వారికి ఆ మాట వెనుక ఒక పళ్ళ అచ్చు ముద్ద ఉన్నదని తెలియకపోవచ్చును.

స్టెంటు ముద్దకు కూడా సాగుడు లేదు. పళ్ళు ఊడిన చిగుళ్ళకు అది చాలును. పళ్ళు ఉన్న దవడకు చాలదు, ఏలననగా పంటి మెడ దగ్గర లోనికి తిరిగిన వంపు ఉన్నది. దీనికి పరిష్కారము సముద్రపు నాచునుంచి వచ్చినది. మన ఇళ్ళలో చైనా గ్రాస్ పేరుతో పాలకోవా ముక్కల వంటి తీపివంటలకు వాడే అగారే అది. అగార్‌లో ఒక వింత గుణము కలదు. మంచుగడ్డ ఏ వేడి వద్ద కరుగునో నీరు ఆ వేడి వద్దనే గడ్డకట్టును. అగార్ అట్లు కాదు. గడ్డగా ఉన్న అగార్ సుమారు 85 డిగ్రీల వద్ద గాని కరగదు. కరగిన అగార్ 40 డిగ్రీలకు దిగువకు పోతే గాని గడ్డకట్టదు. అణుమాలలు జంటలుగా పురిపెట్టుకొని, ఆ పురులు కట్టలుగా చేరడము వలన, ఒకసారి బిగిసిన కట్ట విడిపోవడానికి ఎక్కువ వేడి కావలసి వచ్చును. ఈ తేడాయే వైద్యునికి వరము. నోరు కాలని వేడిలో అగార్‌ను ద్రవముగా ఉంచి పళ్ళచుట్టూ నింపి, చన్నీటితో చల్లబరచి, గడ్డకట్టగానే ఊడదీయవచ్చును.

వియన్నా నగరములో అల్ఫోన్స్ పోలర్ 1925 ప్రాంతములో అగార్‌తో నెగోకోల్ అనే అచ్చుపదార్థమును తయారుచేసినాడు. అతని ఉద్దేశము బ్రతికి ఉన్నవారి చర్మమునుంచి, శవములనుంచి, నేరస్థలములోని వస్తువులనుంచి ఉన్నవి ఉన్నట్లు నకళ్ళు తీయడము. వేడి చేస్తే ఆ అచ్చు తిరిగి ముద్ద అయ్యేది. తరువాతి దశాబ్దములో దంతవైద్యులు ఈ పద్ధతిని స్వీకరించినారు.

అయితే ప్రపంచములోని అగార్‌లో అధికభాగము జపానునుంచి వచ్చేది. 1941 డిసెంబరులో అమెరికా యుద్ధములో దిగగానే ఆ దారి మూసుకొనిపోయినది. మిగిలిన నిలువలు సూక్ష్మజీవులను పెంచే ప్రయోగశాలలకు కూడా కావలసినవే. అప్పుడు గోధుమరంగు నాచునుంచి తీసే ఆల్జినేటు దంతవైద్యుల చేతికి వచ్చినది. పొడిలో నీళ్ళు కలిపితే కాల్షియము అణుమాలలను ముడివేసి రబ్బరు వంటి అచ్చును ఇచ్చును. చవక, సులువు. కాని ఆ ముడి వేడికి విడిపోదు. పని కాగానే అచ్చు చెత్తబుట్టకు పోవలసినదే. యుద్ధము ముగిసిన తరువాత కూడా ఆల్జినేటే నిలిచినది. మరల వాడుకొనే గుణము అక్కడితో వెనుకపట్టు పట్టినది. తరువాత వచ్చిన సిలికోను రబ్బరు అచ్చులు కూడా ఒకసారి బిగిస్తే బిగిసినట్లే.

రబ్బరు సాగి తిరిగి రావలెనంటే దాని అణుమాలలకు అక్కడక్కడ ముళ్ళు ఉండవలె. గుడ్‌ఇయరు 1839లో గంధకముతో వేసిన ముడి రసాయనపు ముడి. మాడిపోతుందే గాని విడిపోదు. వేడికి విడిపోయి, చల్లారగానే తనంతట తాను పడే ముడి వేయడమెట్లు? 1956లో మైకేల్ స్వార్క్ అమెరికాలోని సిరక్యూజ్‌లో అణుమాలలను ఒక ముక్క తరువాత మరొక ముక్కగా, కోరిన వరుసలో పెంచే మార్గము చూపినాడు. ఆ త్రోవనే నడచి షెల్ సంస్థలో రాల్ఫ్ మిల్కోవిచ్, జెఫ్రీ హోల్డెన్ 1960 దశాబ్దపు మొదటి ఏండ్లలో మూడు ముక్కల అణుమాలను నిర్మించినారు. నడుమ ముక్క మెత్తని రబ్బరు. రెండు కొనలు గట్టి పాలిస్టైరీన్. పొరుగు మాలల కొనలు ఒకచోట గుమిగూడి మిల్లీమీటరులో లక్షవవంతుకు కొన్ని రెట్లు మాత్రమే ఉన్న గట్టి రేణువులుగా కూడుకొనును. ఈ రేణువులే ముళ్ళు. వేడి చేస్తే రేణువులు మెత్తబడి ముళ్ళు సడలును. చల్లారితే మరల బిగియును. 1965లో ఇది క్రేటన్ పేరుతో విపణికి వచ్చినది. చెప్పుల అడుగులకు, జిగురులకు, మన దేశములోని రహదారులమీద వేసే తారుకు బలము చేకూర్చడానికి కూడా ఈ జాతి పదార్థములు వాడుకలోనికి వచ్చినవి.

మొదట చెప్పిన పారదర్శకమైన పట్టీ ఈ స్టైరీన్ కుటుంబములోనిదే. జపానులో రబ్బరు తుడుపుముక్కలు చేసే ఒక సంస్థ దీనిని ఒయుమరు అనే పేరుతో పిల్లలకై అమ్మినది; జపానుభాషలో ఒయు అంటే వేడినీళ్ళు. 80 డిగ్రీలు దాటిన నీటిలో మెత్తబడే ఈ పట్టీని బొమ్మల వ్యాసంగము గలవారు పట్టుకొని తమ పనిముట్టుగా చేసుకొన్నారు. ఇంగ్లండులో విలియం బ్రిటన్ 1893లో బోలు సీసపు సైనికులను పోయడానికి లోహపు అచ్చులు చెక్కించవలసి వచ్చినది. నేడు ఒక విద్యార్థి వంటింటి గిన్నెతో ఆ పనిలో చిన్నభాగమును చేసుకొనగలడు.

చిన్నభాగమని అనడానికి కారణము కలదు. డాలు వంటి ఒకవైపు వస్తువుకు ఒక పట్టీ చాలును. చెయ్యి వంటి గుండ్రని వస్తువుకు రెండు అరలు కావలె. మొదటి అర చల్లారిన పిదప దాని అంచున రెండు మూడు గుంటలు ఉంచి, కొద్దిగా నూనె రాయవలె. లేకున్న రెండవ అర వేడిమీద దానికే అంటుకొని ఒకే ముద్ద అగును. కరగిన తగరమునో సీసమునో ఈ అచ్చులో పోయరాదు. తగరము, సీసము కలిసిన మిశ్రమములలో అతి తక్కువ వేడికి కరిగేది కూడా 183 డిగ్రీలు కోరును. అచ్చు అంతకు ముందే కూలిపోవును. మరొక హెచ్చరిక. నేటి బొమ్మలలో పెక్కు పాలిస్టైరీన్‌తోనే చేసినవి. అచ్చును బిగించే పదార్థమే బొమ్మ ఒంటిలోను ఉన్నది. 100 డిగ్రీల ప్రాంతములో అదికూడా మెత్తబడును గనుక మరుగుతున్న నీటినుంచి తీసిన పట్టీని సన్నని కత్తిమీద అదిమితే కత్తి వంగిపోవచ్చును. నీళ్ళను పొయ్యిమీదనుంచి దింపి ఒకటి రెండు నిమిషాలు ఆగడము మేలు.

పోయిన డాలుకు మారుడాలు చేసుకోవడము వేరు, ఇతరులు చెక్కిన బొమ్మకు నకళ్ళు తీసి అమ్మడము వేరు. రెండవది చాలా దేశములలో శిల్పి హక్కులకు భంగము. ఒకే పెట్టెతో అంగడి పెట్టదలచిన వారికి ఈ పట్టీ అంతగా తోడ్పడదు కూడా. ఎపాక్సీ ముద్ద గట్టిపడే గంటలన్నీ అచ్చును ఒకే డాలు ఆక్రమించుకొని ఉంటుంది. దుమ్ము, నూనె చేరేకొద్దీ పట్టీ మసకబారి సన్నని గీతలను పట్టడము తగ్గించును. అప్పుడు దానిని సబ్బునీటితో కడిగి, మరల వేడినీళ్ళలో వేసి, బాగా పిసికి, కొత్తగా పైకివచ్చిన నున్నని వైపును డాలుమీద అదుముతారు.