రెండు బంగారు గొలుసులు

అమెజాన్ నదీ ప్రయాణం అనగానే టోపీ పెట్టుకుని తుపాకీ పట్టిన దొరలే కళ్ళముందు మెదులుతారు. నాకు మాత్రం ఇసబెల్ గోడిన్ గుర్తొస్తుంది.

ఆవిడది ఇప్పటి ఈక్వడార్‌లోని రియోబాంబా. ఫ్రెంచివాడైన భర్త 1749లో ముందుగా దారి చూసొస్తానని నది మీదుగా ఫ్రెంచి గయానాకి వెళ్ళాడు. తిరిగి రావడానికి అనుమతి దొరక్క ఇరవై ఏళ్ళు అక్కడే ఉండిపోయాడు. ఈలోగా కన్నపిల్లలంతా పోయారు. చివరికి 1769లో ఆవిడే బయల్దేరింది, ఇద్దరు అన్నదమ్ముల్నీ, పరివారాన్నీ వెంటబెట్టుకుని.

తీరా కనెలోస్ చేరితే, మశూచికి భయపడి ఊరు ఊరంతా ఖాళీ! దొరికిన ఇద్దరు పడవవాళ్ళూ ఓ రాత్రి పారిపోయారు. బొబొనాసా నది పక్క అడవిలో దారి తప్పి, వెంట ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ప్రాణం వదిలారు. ఆవిడ చనిపోయిన సోదరుడి బూట్ల అడుగులు కోసి కాళ్ళకి కట్టుకుంది. అడవి పళ్ళూ, పిట్టగుడ్లూ తింటూ ఎనిమిది తొమ్మిది రోజులు ఒంటరిగా నడిచింది.

ఆఖరికి నది ఒడ్డున ఇద్దరు ఆదివాసులు, వాళ్ళ భార్యలు కనిపించారు. మశూచి నుంచి పారిపోయి వచ్చినవాళ్ళే! ఈవిడ వాళ్ళని చంపిన అడవే వీళ్ళని దాచింది చూశారా? వాళ్ళు అన్నం పెట్టి, సేవచేసి, ఆండోయాస్ చేర్చారు.

మెడలోని రెండు బంగారు గొలుసులూ తీసి వాళ్ళకిచ్చింది. అక్కడి ఫాదరు ఆ గొలుసులు లాక్కుని, మూడు నాలుగు గజాల ముతక గుడ్డ చేతిలో పెట్టాడు! ఆవిడ మండిపడి ఆ ఊళ్ళో ఇక నిలవలేదు. 1770లో భర్తని కలుసుకుంది.

ఇదంతా 1773లో భర్త రాసిన ఉత్తరంలో ఉంది. కాపాడినవాళ్ళ పేర్లు మాత్రం లేవు. అక్కడి ఒక స్త్రీ కుట్టిచ్చిన నూలు లంగాని మాత్రం ఇసబెల్ ఫ్రాన్సులో భద్రంగా దాచుకుంది. చరిత్ర మరిచిన కృతజ్ఞత ఆ పెట్టెలో ఉందనిపిస్తుంది నాకు.