నెత్తుటిలో నల్లరేణువు

మలేరియాతో చనిపోయినవాళ్ల శరీరం కోసి చూస్తే ప్లీహం నల్లబడి కనిపించేది. 1847లో జర్మన్ వైద్యుడు హైన్‌రిష్ మెకెల్ ఒక రోగి శవాన్ని పరీక్షిస్తూ రక్తంలోనూ ప్లీహంలోనూ నల్లటి రేణువులు చూశాడు. అవి ఎక్కడివో ఆయనకు అంతుబట్టలేదు. ఆ తర్వాత మూడు దశాబ్దాలు వైద్యులు ఆ నలుపును చూస్తూనే ఉన్నారు. జబ్బు మాత్రం చిత్తడినేలల చెడుగాలి వల్ల వస్తుందనే నమ్మారు.

అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్ఫోన్స్ లావెరాన్‌కు ఆ నలుపు మీదే ధ్యాస. చుట్టూ చలిజ్వరంతో వణికే సైనికులు. చనిపోయాక కాదు, బతికుండగానే వాళ్ల నెత్తురు చూడాలనుకున్నాడు. 1880 నవంబరు 6న కాన్‌స్టాంటీన్ సైనిక ఆసుపత్రిలో ఒక రోగి రక్తపు చుక్కను, ఏ రంగూ కలపకుండా, సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. నల్లరేణువులు నిండిన గుండ్రటి కణమొకటి కనిపించింది. దాని అంచున సన్నటి పోగులు కొరడాల్లా విదిలించుకుంటూ, పక్కనున్న ఎర్రకణాలను తోసేస్తున్నాయి. అది ప్రాణమున్న జీవి! రంగు వేయకపోవడమే మేలైందని నాకనిపిస్తుంది. ఆరబెట్టి రంగు అద్ది ఉంటే ఆ జీవి చచ్చేది, ఆ కదలిక ఎవరికీ కనిపించేది కాదు.

వెంటనే నమ్మినవాళ్లు తక్కువ. మలేరియాకు కారణం ఒక బాక్టీరియా అని ఇటలీలో అంతకు ముందు ఏడాదే ప్రకటించి ఉన్నారు. లావెరాన్ చూసినవి పాడైపోతున్న రక్తకణాలేనని కొట్టిపారేశారు. ఆయన పట్టు వదల్లేదు. రోగి తర్వాత రోగి రక్తం చూస్తూ పోయాడు.

ఇక జ్వరానికీ నెత్తురుకూ ఉన్న లంకె. 1885-86లో పావియా నగరంలో వైద్యుడు కమిల్లో గోల్జీ దాన్ని పట్టుకున్నాడు. పరాన్నజీవి ఎర్రకణంలో పెరిగి, పలు పిల్లలుగా చీలుతుంది. అలాంటి కణాలన్నీ ఇంచుమించు ఒకేసారి పగిలే వేళకే రోగికి వణుకు మొదలవుతోంది. ఒక రకంలో 48 గంటలకోసారి, ఇంకో రకంలో 72 గంటలకోసారి. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరం గుట్టు అదే.

ఆ నల్లరేణువే మన గడ్డ మీద ఇంకో దారి చూపింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో వైద్యుడు రోనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ కడుపు చీల్చి చూశాడు. కడుపు గోడలో కొత్తరకం కణాలు, వాటి లోపల తనకు బాగా తెలిసిన నలుపు. మలేరియా జీవి దోమలో పెరుగుతోందని ఆ నలుపే చెప్పింది.

ఇంతకీ ఏమిటది? పరాన్నజీవి ఎర్రకణంలోని హీమోగ్లోబిన్‌ను తిని బతుకుతుంది. తినగా మిగిలే హీమ్ దానికే విషం. అందుకే దాన్ని స్ఫటికంగా గట్టిపరచి పక్కన పెడుతుంది. ఆ స్ఫటికాలే నల్లరేణువులు. క్లోరోక్విన్ అనే మలేరియా మందు ఈ గట్టిపరిచే పనికే అడ్డుపడి, జీవిని దాని విషంతోనే చంపుతుంది. కణం పగిలాక బయటపడ్డ నలుపును తెల్లకణాలు మింగుతాయి.

నష్టం పగిలిన కణాలతో ఆగదు. జీవి సోకని ఎర్రకణాలను కూడా ప్లీహం పెద్దసంఖ్యలో ఏరిపారేస్తుంది. ఎముక మజ్జలో కొత్తవాటి తయారీ మందగిస్తుంది. పెద్దవాళ్లు కూడా కొద్దిరోజుల్లోనే పాలిపోయి నీరసించడం అందుకే. ఫాల్సిపేరం అనే రకం మలేరియా అయితే, సోకిన కణాలు సన్నటి రక్తనాళాల గోడలకు అంటుకుని మెదడుకు రక్తం సరిగా అందనివ్వవు. ప్లేట్‌లెట్లు మలేరియా రోగుల్లో చాలామందికి తగ్గుతాయి.

కాబట్టి ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే డెంగీ అని తేల్చేసుకోకండి. చలితో జ్వరం వస్తే, ముఖ్యంగా ఏజెన్సీ ఊళ్లకు వెళ్లొచ్చిన తర్వాత, మలేరియా రక్తపరీక్ష కూడా చేయించండి. ఒకసారి లేదని వచ్చినా జ్వరం వదలకపోతే మళ్లీ చేయించండి.