మైక్‌సెట్టు నుంచి మ్యూజిక్ డైరెక్టర్ దాకా: రెగే దరువు కథ

రెగే అనే పేరు మన పిల్లలకు తెలియకపోవచ్చు. ఆ దరువు మాత్రం వాళ్ల చెవిలో ఉంది. హైదరాబాదుకు చెందిన చౌరస్తా బ్యాండు 'ఊరెళ్ళిపోతా మామ' అనే పాట చేసింది. సినిమా అండ లేకుండా సెల్‌ఫోన్ల మీదుగానే ఆ పాట ఊరూరా తిరిగింది. తమది ఫోక్ రెగే అని ఆ బ్యాండు చెప్పుకుంది. రామ్ మిరియాల సినిమాల్లోకి వెళ్లింది ఆ బ్యాండు నుంచే.

రెగే లెక్క చప్పట్లతో చెప్పవచ్చు. నాలుగు దెబ్బల్లో మొదటిది ఖాళీ. డ్రమ్ము బరువు మూడో దెబ్బ మీద పడుతుంది. రెండో దెబ్బ దగ్గర, నాలుగో దెబ్బ దగ్గర గిటారు తుంచినట్టు పలుకుతుంది. మొదటి దెబ్బ దగ్గర ఊరుకోవడం పిల్లలకు కష్టం. తరగతిలో చేయించి చూడండి.

ఈ దరువు పుట్టింది జమైకా దీవిలో. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం బిడ్డలు అక్కడ చెరకు తోటల్లో తరాల తరబడి చాకిరీ చేశారు. కొందరు తప్పించుకుని కొండలెక్కి తెల్లవాళ్లతో పోరాడారు. వాళ్లను మెరూన్లు అంటారు. 1739లో బ్రిటిష్ వాళ్లు వాళ్లతో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. రంప పితూరీ కథలు విని పెరిగిన మనకు ఆ కొండలు కొత్తగా అనిపించవు.

1950లలో కింగ్‌స్టన్ పేటల్లో రేడియో కొనలేని వాళ్ల కోసం వీధిలో పెద్ద స్పీకర్లు పెట్టి రికార్డులు వేసేవారు. దాన్ని సౌండ్ సిస్టమ్ అనేవారు. పట్టిసీమ శివరాత్రి తీర్థంలో మైక్‌సెట్లు, పెళ్లిళ్లలో డీజే బాక్సులు చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. లీ పెర్రీ అలాంటి ఒక సౌండ్ సిస్టమ్ యజమాని దగ్గర పనివాడిగా మొదలయ్యాడు. 1968లో తన సొంత పాటలో పసిబిడ్డ ఏడుపును కలిపాడు. 1973లో ఇంటి పెరట్లోనే బ్లాక్ ఆర్క్ అనే స్టూడియో కట్టుకున్నాడు. అక్కడున్నది నాలుగు ట్రాకుల చిన్న యంత్రం. దాంతోనే లోకమంతా విన్న పాటలు చేశాడు. నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడనే మనం అనుకుంటాం. సంగీతంలో ఆ మాటకు అర్థం వేరు. ఏ శబ్దం ఉండాలో, ఏది తీసేయాలో తేల్చేవాడే అక్కడ నిర్మాత.

బాబ్ మార్లే, అతని వెయిలర్స్ బృందం కొంతకాలం పెర్రీ దగ్గర రికార్డు చేశారు. ఆ పాటలు బ్రిటన్‌లో అమ్ముడయ్యాయి. తమకు రావలసిన డబ్బు రాలేదని వెయిలర్స్ ఆరోపించారు. తోటల యజమానుల చేతిలో దోపిడీకి గురైన వాళ్ల బిడ్డల మధ్య కూడా పాట ఎవరిది, డబ్బు ఎవరిది అనే తగాదా తప్పలేదు. పెర్రీ గొప్పతనం చెప్పేవాళ్లు దీన్ని దాటేస్తుంటారు. దాటేయకూడదని నా అభిప్రాయం.

కింగ్‌స్టన్‌లో పుట్టిన క్లైవ్ క్యాంప్‌బెల్ చిన్నప్పుడే న్యూయార్క్ వెళ్లాడు. కూల్ హెర్క్ అనేది అతని డీజే పేరు. 1973 ఆగస్టు 11న, బడి తెరిచేలోగా చెల్లెలు సిండీ కొత్త బట్టలు కొనుక్కోవాలని, తాముండే భవనంలో ఇద్దరూ కలిసి టికెట్టు పెట్టి పార్టీ చేశారు. ఒకే రికార్డు రెండు ప్రతులను రెండు ప్లేయర్ల మీద పెట్టి, డ్రమ్ము ఒక్కటే మోగే ముక్కను మళ్లీ మళ్లీ తిప్పడం హెర్క్ పద్ధతి. హిప్‌హాప్ అక్కడ పుట్టిందంటారు. ఒక ఆడపిల్ల బడి బట్టల ఖర్చు నుంచి!

తెలుగులో ఆ దారి చౌరస్తా వేసింది. 2020లో కరోనా వచ్చినప్పుడు చేయి కలపవద్దని జాగ్రత్తలు చెప్పే పాట చేసిందీ ఆ బ్యాండే. 2021లో 'జాతిరత్నాలు' సినిమాలో చిట్టి పాటతో రామ్ మిరియాల గొంతు ఇంటింటికీ చేరింది. 2022లో 'డీజే టిల్లు' టైటిల్ పాటకు బాణీ కట్టి తనే పాడారు. 2023లో 'బలగం' సినిమాలో 'ఊరు పల్లెటూరు' పాటను మంగ్లీతో కలిసి పాడారు. మంగ్లీ అనంతపురం జిల్లా బంజారా బిడ్డ. ఆ పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు వచ్చింది. పాడినవాళ్లు, రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు, అందరి పేర్లూ అక్కడ ఉన్నాయి.

మన రేలా పాటకు అలాంటి పేర్లు లేవు. రేల పూలతో వచ్చిన ఆ పల్లవి టీవీ కార్యక్రమానికి పేరు కూడా అయింది. మొదట పాడిన గూడెం ఏదో, ఏ అవ్వ నోట విన్నారో ఎక్కడా రాయలేదు. ఇప్పుడు డీజే రీమిక్సులు చేస్తున్న మన కుర్రాళ్లు కూడా అదే చేస్తున్నారు. దరువు చేసినవాడి పేరు తెర మీద వస్తుంది, పాట ఇచ్చిన అవ్వ పేరు రాదు.

ఊరెళ్ళిపోతానని పాడుకోవడానికి వెనక ఊరుండాలి. పోలవరం కాఫర్ డ్యాం కట్టాక దేవీపట్నం మండలంలో కొండరెడ్లు, కోయలు ఉన్న ఊళ్లు వరద నీట మునిగాయి. జనం పునరావాస కాలనీలకు వచ్చారు. ఒకే పాటకు గొంతు కలిపేవాళ్లు ఇప్పుడు వేర్వేరు కాలనీల్లో ఉన్నారు. వాళ్లలో ముసలివాళ్ల గొంతు సెల్‌ఫోన్‌లో పట్టుకునే పని పెద్ద తరగతుల పిల్లలు చేయగలరు. రికార్డు చేశాక ఫైలుకు పాట పేరు ఒక్కటే పెట్టవద్దు. పాడిన మనిషి ఒప్పుకుంటే ఆ పేరు, మునిగిన ఊరి పేరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పేరు కూడా చేర్చాలి.