న్యాయభావన: జీవపరిణామ మూలాలు, ఆర్మూరు పసుపు రైతులు

తనకో తోటివారికో దక్కాల్సింది దక్కలేదని తోచినప్పుడు పుట్టే కోపం, దాన్ని సరిచేయాలన్న పట్టుదల కలిసి న్యాయభావన అవుతాయి. గుంపులుగా బతికిన జీవులకు అబ్బిన గుణమిది. రాబర్ట్ ట్రివర్స్ 1971లో ఇచ్చిన వివరణ ప్రకారం, తీసుకుని తిరిగి ఇవ్వనివాణ్ణి పసిగట్టి నిలదీయలేని జీవి ఇచ్చిపుచ్చుకోవడంలో నష్టపోతుంది. కోపం, కృతజ్ఞత, తప్పు చేశామన్న బాధ ఆ లెక్క చూసుకోవడానికే ఏర్పడ్డాయంటాడాయన.

నిజామాబాద్ జిల్లా ఆర్మూరు ప్రాంతంలో జూన్‌లో నాటిన పసుపు జనవరి దాటితే గానీ తవ్వకానికి రాదు. తవ్వాక ఉడకబెట్టి, ఆరబోసి, పాలిష్ పట్టి, కొమ్మునూ మండనూ వేరుచేసి నిజామాబాద్ యార్డుకు తోలుతారు. ఇంత చేశాక కూడా ధర రైతు చేతిలో ఉండదు. మెరుగైన రేటు కోసం మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా సరుకు తీసుకెళ్లేవారున్నారు. అక్కడి రేటు తెలిసినవారికి ఇక్కడి రేటు మరింత గుచ్చుకుంటుంది. సారా బ్రాస్నన్, ఫ్రాన్స్ డి వాల్ 2003లో కపుచిన్ కోతుల్లో ఇలాంటిదే చూశారు: పక్క కోతికి ద్రాక్షపండు ఇస్తుంటే, అంతవరకూ తిన్న దోసకాయ ముక్కను రెండోది వద్దంది. తర్వాతి ప్రయోగాల్లో కొన్నిట్లో ఈ ఫలితం రాలేదు, వాదన ఇంకా నడుస్తోంది.

2019 ఫిబ్రవరిలో పసుపుకు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ఇవ్వాలంటూ రైతులు ఆర్మూరు దగ్గర మామిడిపల్లి చౌరస్తాలో 44వ జాతీయ రహదారిపై బైఠాయించారు. ఏప్రిల్ 11న జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీపడ్డారు. వారిలో 170 మందికి పైగా రైతులే. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటింగ్ యంత్రాలు పెట్టాల్సి వచ్చింది. జనరల్ అభ్యర్థి డిపాజిట్ 25,000 రూపాయలు. గెలుపు మీద ఆశతో కాదు, పసుపు బోర్డు, మద్దతు ధర కావాలన్న తమ డిమాండ్ దేశమంతా వినాలని కట్టిన డబ్బది. సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది.

సొంత డబ్బు పోయినా సరే, అన్యాయం చేసినవాణ్ణి వదలకపోవడాన్ని ఎర్న్‌స్ట్ ఫేర్, సైమన్ గాఖ్టర్ 2002లో ప్రయోగశాలలో నమోదు చేశారు. అలా దండించేటప్పుడు మెదడులో ప్రతిఫలానికి స్పందించే స్ట్రయేటమ్ చురుగ్గా ఉంటుందని 2004 నాటి స్కానింగ్ పరిశోధన తేల్చింది. అందుకే రైతుల కోపాన్ని ఆవేశమని కొట్టిపారేయడం సరికాదు. అందులో లెక్క ఉంది, తోటివారి కోసం భరించిన నష్టమూ ఉంది.

అలాగని అంతా పుట్టుకతోనే వస్తుందనలేం. జోసెఫ్ హెన్రిక్ బృందం 15 చిన్న సమాజాల్లో డబ్బు పంపకం ఆట ఆడించింది: ఒకరు వాటా ఇవ్వజూపుతారు, రెండోవారు కాదంటే ఇద్దరికీ ఏమీ దక్కదు. పెరూలోని మచిగెంగాలు చాలా తక్కువ వాటానూ దాదాపు ఎప్పుడూ కాదనలేదు. కోపగించే శక్తి జీవశాస్త్రం ఇచ్చిందే అయినా, ఎంత వాటా న్యాయమో ఊరూ, బజారూ, చరిత్రా నేర్పుతాయి.

ఈ దండించే గుణానికి చేటు ముఖమూ ఉంది. ఇదే జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీలు కుటుంబాలను వెలివేసిన ఘటనలు పోలీసు కేసుల దాకా వెళ్లాయి. వెలి ఎంత బాధిస్తుందో మెదడు పరిశోధనా చెబుతోంది: ఒక కంప్యూటర్ ఆటలో తమను పక్కన పెట్టారనుకున్నవారి మెదడులో, శరీరపు నొప్పికి స్పందించే భాగాల్లో ఒకటి చురుకైందని నవోమీ ఐసెన్‌బర్గర్ బృందం 2003లో గుర్తించింది.