విదేశీ విమానంలో కెప్టెన్ ఉద్యోగం: అనుభవం చెల్లుతుంది, సీనియారిటీ చెల్లదు

దుబాయ్, దోహా వంటి నగరాలు కేంద్రంగా ప్రపంచమంతటికీ సర్వీసులు నడిపే విమానయాన సంస్థలకు స్థానిక పైలట్లు చాలరు. అందువల్ల అవి భారత్ సహా అనేక దేశాల నుంచి పైలట్లను నియమించుకుంటాయి. యూఏఈలో జీతంపై ఆదాయపు పన్ను లేకపోవడం, ఖండాంతర మార్గాల్లో పెద్ద విమానాలు నడిపే అవకాశం ఉండటం భారతీయ కెప్టెన్లను ఆకర్షిస్తున్నాయి. అయితే సరిహద్దు దాటినప్పుడు కెప్టెన్ హోదా దానంతట అదే వెంట రాదు.

లైసెన్సు ఎవరిది?

1944 నాటి షికాగో ఒడంబడికలోని 32వ అధికరణం ప్రకారం, అంతర్జాతీయ సర్వీసు నడిపే పైలట్‌కు ఆ విమానం ఏ దేశంలో నమోదైందో ఆ దేశం జారీ చేసిన లేదా ఆమోదించిన లైసెన్సు ఉండాలి. భారతీయ విమానాల నమోదు సంఖ్యలు ‘వీటీ’తోనూ, యూఏఈ విమానాలవి ‘ఏ6’తోనూ మొదలవుతాయి. డీజీసీఏ జారీ చేసిన లైసెన్సుతో మాత్రమే ‘ఏ6’ విమానాన్ని నడపడం కుదరదు. అక్కడి నియంత్రణ సంస్థ ఆమోదం తప్పనిసరి.

కెప్టెన్‌కు అవసరమైన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సుకు అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం కనీసం 1,500 గంటల అనుభవం ఉండాలి. విమాన సంస్థలు సాధారణంగా ఇంతకంటే చాలా ఎక్కువ అడుగుతాయి. విమాన రకాన్ని బట్టి టైప్ రేటింగ్ వేరుగా పొందాలి. ఎయిర్‌బస్ 320 నడిపిన వారు బోయింగ్ 777కు మారాలంటే మళ్లీ శిక్షణ పొందాల్సిందే.

ఎడమ సీటా, కుడి సీటా?

కొన్ని సంస్థలు అనుభవజ్ఞులను నేరుగా కెప్టెన్లుగా తీసుకుంటాయి. మరికొన్ని కో-పైలట్లుగానే చేర్చుకుని, సీనియారిటీ ప్రకారం పదోన్నతి ఇస్తాయి. పాత సంస్థలోని సీనియారిటీ కొత్త సంస్థలో లెక్కకు రాదు. ఏళ్ల తరబడి ఎడమ సీటులో కూర్చున్న కెప్టెన్ కుడి సీటుకు మారవలసి రావచ్చు. అంతర్జాతీయ వాణిజ్య సర్వీసుల్లో పైలట్ల గరిష్ఠ వయోపరిమితి 65 ఏళ్లు కనుక, 50 ఏళ్ల వయసులో వెళ్లే వారికి ఈ నిరీక్షణ భారమవుతుంది.

వెళ్లడం, తిరిగి రావడం

ఉద్యోగం మానడానికి కెప్టెన్లు ఏడాది ముందు, కో-పైలట్లు ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలని డీజీసీఏ 2017లో నిబంధన విధించింది. పైలట్ల సంఘాలు దీనిని వ్యతిరేకించాయి. ఏడాది పాటు వేచి ఉండేందుకు విదేశీ సంస్థ అంగీకరిస్తుందో లేదో ముందే తేల్చుకోవాలి.

గల్ఫ్‌లో నివాస అనుమతి సాధారణంగా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. కొలువు పోతే కుటుంబం నివాసం, పిల్లల చదువు కూడా ప్రశ్నార్థకమవుతాయి. 2020లో కొవిడ్ కారణంగా ఆ ప్రాంతపు సంస్థలు పైలట్లను తొలగించాయి. అదే ఏడాది అక్టోబరులో హాంకాంగ్‌కు చెందిన క్యాథే డ్రాగన్ పూర్తిగా మూతపడింది.

భారతీయ లైసెన్సును, వైద్య ధ్రువీకరణను గడువులోగా నవీకరించుకోని వారు స్వదేశానికి వచ్చిన వెంటనే విమానం నడపలేరు. తిరిగి వచ్చిన తర్వాత ఇక్కడి సీనియారిటీ జాబితాలోనూ సాధారణంగా చివరి స్థానం నుంచే మొదలుపెట్టాలి. కాబట్టి ఒప్పందంపై సంతకానికి ముందు జీతంతోపాటు చేరే హోదా, పదోన్నతి విధానం, శిక్షణ బాండు, తొలగింపు నిబంధనలను పరిశీలించడం అవసరం.