ఎఱ్ఱజెండా మొదలు ఎఱ్ఱదీపము దాకా

కొత్తగా చక్రము చేతబట్టినవాడు కూడలిలో ఎఱ్ఱదీపమును జూచి విసుగుకొనును గాని, ఆ యెఱుపు వెనుక నెంత చరిత్ర గలదో యెఱుగడు. 1865 నాటి ఇంగ్లండు చట్టము, యంత్రశకటములు ఊరిలో గంటకు 2 మైళ్ళు, ఊరివెలుపల 4 మైళ్ళు మించి పోరాదనియు, బండికి 60 గజముల ముందు ఒక మనుష్యుడు ఎఱ్ఱజెండా బట్టి నడువవలెననియు శాసించెను. తేలికబండ్లకు ముందు మనుష్యుడు నడువవలెనను నిర్బంధము 1896లో గాని తొలగలేదు.

ఈలోగా 1868 డిసెంబరులో లండను పార్లమెంటు భవనముచెంత, రైలుసంకేతముల ననుకరించి యొక స్తంభము నిలిపిరి. పగలు దాని చేతులు చాచినచో బండ్లు ఆగవలెను. రాత్రులందు ఎఱ్ఱని, పచ్చని గాజులచాటున గ్యాసుదీపము వెలుగును. మఱుసటి నెలలోనే గ్యాసు ప్రేలి, స్తంభమును ద్రిప్పుచుండిన పోలీసు గాయపడెను.

ఇక దారిగుర్తుల సంగతి: 1909లో మోటారుబండ్లను గూర్చిన పారిస్ సమావేశమున గతుకు, మలుపు, కూడలి, రైలుగేటు అను నాలుగింటికి బొమ్మగుర్తులు నిర్ణయమయ్యెను. మన దేశమున 1914, 1939, 1988 సంవత్సరముల మోటారుచట్టములు క్రమముగా వెలసెను. నేడు మన బాటలపై త్రికోణము సాధారణముగా హెచ్చరిక, వృత్తము ఆజ్ఞ, దీర్ఘచతురస్రము సమాచారము. అక్షరము రానివాడును జదువగల లిపి యిది. దీనిని నేర్వక బండి నడుపువాడే నిజమైన నిరక్షరాస్యుడు.