చేపల పడవకు ఎంత మోటారు?

అనంతపురము పీఠభూమికి సముద్రము చాల దూరము. ఇచ్చట సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. అయినను మోటారు ఎంపిక ఎంత చిక్కైన విషయమో ఇచ్చటి విద్యార్థులకు బాగుగా తెలియును. బోరుబావిలో 5 అశ్వశక్తుల మోటారు దింపవలెనా, 7½ అశ్వశక్తులది దింపవలెనా యని ప్రతి ఊరి రచ్చబండ యొద్దను చర్చ జరుగుచునే యుండును. తీరమున చేపల పడవ కొనువాని ముందును ఇదే ప్రశ్న నిలుచును. మోటారు పెద్దదైనచో అప్పును, నూనె ఖర్చును పెరుగును. చిన్నదైనచో ఎదురుగాలిలో ఒడ్డు చేరుట ప్రాణాంతకమగును. ఈ ప్రశ్నకు సమాధానము ఎట్లు లభించినదో చూతము.

పడవ మాత్రము మన సీమకు క్రొత్త కాదు. చెరువులలోను, జలాశయములలోను జాలరులు పుట్టి యెక్కి వలలు వేయుదురు. దీనికే హరిగోలని మరియొక పేరు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్రను దాటించు ఇట్టి పడవలను వర్ణించెను. బుట్టవలె గుండ్రముగా అల్లి, పైన తోలు కప్పిన ఆ పడవలు 15, 20 మందిని మోయగలవనియు, ఎప్పుడును తిరుగుచునే సాగుననియు అతడు వ్రాసెను. గుండ్రని పడవకు ముందు వెనుకలు లేవు, పొడవును తక్కువ. కావున అది వేగమునకు తగదు. కాని నిలిచిన నీటిలో, గట్టుకు దగ్గరగా, ఒక్క తెడ్డుతో పని గడుపుకొనుటకు అది చక్కని సాధనము. దానికి మోటారు అవసరమే లేదు.

సముద్రము సంగతి వేరు. మన తీరపు జాలరులు తెప్పల మీదను, నావల మీదను తెరచాపలెత్తి తరతరములుగా వేటకు పోయెడివారు. తెల్లవారుజామున నేల మీదినుండి వీచు గాలి వారిని లోపలికి కొనిపోవును. మధ్యాహ్నము సముద్రపు గాలి ఇంటికి చేర్చును. గాలి పడిపోయిన దినమున తెడ్డే గతి. పట్టిన చేప చెడకముందే ఒడ్డు చేరునో లేదో చెప్పలేము.

ఈ స్థితిని మార్చినది యంత్రము. జర్మనీ దేశీయుడు రుడాల్ఫ్ డీజిల్ 1897లో తన యంత్రమును జయప్రదముగా నడిపి చూపెను. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ 1909లో పడవ వెనుక తగిలించు మోటారును తయారుచేసెను. మన దేశమున 1952లో భారత, నార్వే ప్రభుత్వములును, ఐక్యరాజ్యసమితియు ఒడంబడిక చేసికొని, నేటి కేరళలోని కొల్లము సమీపమున నీండకర యొద్ద పనికి పూనుకొనెను. అచ్చట మొదట నాటు పడవలకే యంత్రములు బిగింప జూచిరి. అవి సరిపడలేదు. తరువాత యంత్రమునకు తగిన క్రొత్త పడవలనే నిర్మించిరి. పడవ వేరు, మోటారు వేరు అని తలచరాదని ఈ అనుభవము నేర్పినది.

ఆంధ్ర తీరమున మరియొక చిక్కు కలదు. అనేక గ్రామములకు రేవు లేదు; పడవను ఇసుక మీదికే లాగవలెను. అలలు విరుగు చోట ప్రొపెల్లరు నేలకు తగులును. 1979లో ఆహార వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రముగా బంగాళాఖాత కార్యక్రమమును ప్రారంభించెను. దాని ఆధ్వర్యమున 1980 దశాబ్దిలో కాకినాడ దగ్గరి ఉప్పాడలో ఇసుక ఒడ్డుకు తగిన పడవలను పరీక్షించిరి. చిన్న డీజిలు యంత్రమును అమర్చి, ఒడ్డు సమీపించినప్పుడు ప్రొపెల్లరును పైకెత్తుకొను ఏర్పాటు కావించిరి.

ఇక శక్తి ఎంత? ఈ లెక్కకు పునాది వేసినవాడు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు విలియం ఫ్రూడ్. అతడు 1872 నాటికి టార్కీ పట్టణమున పొడవైన నీటి తొట్టి కట్టించి, ఓడల నమూనాలను దానిలో లాగి నిరోధమును కొలిచెను. పడవ నడచునప్పుడు అలను లేపును. వేగము హెచ్చిన కొలది ఆ అల పొడవగును. అల పొడవు పడవ పొడవుతో సమానమైనంతనే, పడవ తాను లేపిన అల గట్టునే ఎక్కవలసి వచ్చును. ఆ వేగము గంటకు ఎన్ని కిలోమీటర్లో తెలియుటకు, నీటిని తాకు పొడవును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును 4.5తో హెచ్చింపవలెను. 4 మీటర్ల పడవకు 9, 9 మీటర్ల పడవకు 13.5, 16 మీటర్ల పడవకు 18 కిలోమీటర్లు వచ్చును. నీటి మీద జారిపోవు తేలికైన పడవలు ఈ హద్దు దాటగలవు. కాని వలలు, మంచు, చేపలు నింపుకొన్న పడవ దానిని దాట యత్నించిన నూనె పొగయగును గాని వేగము రాదు.

ఈ హద్దుకు లోపల కూడ, వేగము పెరిగినచో కావలసిన శక్తి సుమారు దాని ఘనమును అనుసరించి పెరుగును. వేగమును నూటికి 10 వంతులు తగ్గించిన శక్తి 0.9 × 0.9 × 0.9, అనగా 0.73 వంతు చాలును. ప్రయాణకాలము కొంత పెరిగినను, మొత్తము నూనెలో నూటికి 19 వంతులు మిగులును. విద్యార్థులు స్వయముగా లెక్క కట్టి చూడవచ్చును.

కావున పడవ కొనువాడు మొదట ఒడ్డును చూడవలెను. తరువాత పడవ పొడవు, బరువు, దానికి తగిన వేగము. ఆ పిమ్మటనే అశ్వశక్తి. పెద్ద ప్రొపెల్లరు మెల్లగా తిరిగిన, చిన్నది వడిగా తిరిగిన దానికంటె తక్కువ నూనెతో ఎక్కువ త్రోపునిచ్చును. కావున గేరును కూడ విచారింపవలెను. వెనుక తగిలించు పెట్రోలు మోటారు తేలిక, ధరయు తక్కువ. కాని నూనె ఎక్కువ త్రాగును. డీజిలు యంత్రము బరువు, ఖరీదు. దినదినపు ఖర్చు తక్కువ. ఊరిలో బాగుచేయగల పనివాడు ఉన్నాడా అనునదియు ముఖ్యమే.

బోరు ఎండినచో మోటారు శక్తిని పెంచినంత మాత్రమున నీరు ఊరదని అనంతపురపు రైతు ఎంతో నష్టపడి తెలిసికొన్నాడు. సముద్రమునందును అంతే. మోటారు చేపను చేరగలదు గాని పుట్టింపలేదు. అందువలననే తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మోటారు పడవల వేటను నిషేధించుచున్నారు. చేపలు గ్రుడ్లు పెట్టి పెరుగుటకు ఆ వ్యవధి కావలెను. అశ్వశక్తిని లెక్కించుటతోపాటు నీటి శక్తిని కూడ లెక్కించినవాడే పెట్టిన పెట్టుబడిని నిలుపుకొనును.